నూట అరవై ఒక్క మీటర్ల లోపు

మెరకపాడు, సత్తెనపల్లి మండలం
8 జనవరి 2024

శ్యామ్ సుందర్ గారికి,

మెరకపాడు నుంచి కొక్కిలిగడ్డ జయకుమారి వందనాలతో రాస్తున్నది.

మీరు నన్ను ఎరగరు. మా ఆయన జక్రయ్యను ఎరుగుదురు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరయ్యాక ఫోను చేతిలో పట్టుకుని ఊళ్ళ వెంట డబ్బాలు వెతుక్కుంటూ తిరిగిన మనిషి. జియోకేషింగ్ అంటారట. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అంకెల్లో చెబుతారు. ఇంకెవరో ఎండలో పడి వెళ్ళి దాన్ని వెతికి, లోపలి చిన్న పుస్తకంలో సంతకం పెట్టి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టి ఇంటికి రావాలి. ఇంటికి తెచ్చుకునేది ఏమీ ఉండదు. ఈ మాట ఆయనతో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. కనిగిరి కొండ ఎక్కి సంతకం పెట్టొచ్చిన రోజు ఆయనకు జ్వరం వచ్చింది. జ్వరానికి మాత్ర ఇచ్చాను, సంతకానికి తిట్లు పెట్టాను.

పోయిన మార్చి తొమ్మిదిన ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాడు, అంతే. ఆ గ్లాసు కూడా కడిగి బోర్లించాకే నాకు విషయం తెలిసింది.

వచ్చే మార్చి తొమ్మిదిన జ్ఞాపకార్థ కూడిక. ఆయనతో ఆడినవాళ్ళు గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి పదకొండు మంది వస్తామన్నారు. వాళ్ళు వెతకడానికి ఆయన పేరున ఒక డబ్బా పెట్టాలని నా కోరిక. బతికుండగా ఆ ఆట గురించి ఒక్క మంచి మాట అనలేదు. ఇదైనా చేస్తే రాత్రిళ్ళు కాస్త కన్ను మూతపడుతుందేమో.

చోటు చర్చి ప్రహరీ గోడ. 1989లో ఆయన నాటిన కరెంటు స్తంభం పక్కనే. పాస్టరు గారి అనుమతి కాగితం జతపరిచాను. మన వైపు కొత్త డబ్బాలు పాసు చేసేది మీరేనని ఆయన డైరీలో ఉంది. పాసు చేయగలరు.

డైరీలో మీ ఫోను నంబరు కూడా ఉంది. కానీ ఫోనులో అయితే ఏడుస్తాను, కాగితం మీదైతే తిడతాను. తిట్టడమే నయం.

ఇట్లు,
కె. జయకుమారి, రిటైర్డ్ లెక్కల టీచరు

తా.క. ఇలాంటి పనికి నా దగ్గర మంచి స్టీలు డబ్బా ఉండేది. మొదటి జీతంతో కొని, మూత మీద పేరు కొట్టించుకున్నాను. మొన్నటిది కాక అంతకుముందు క్రిస్మస్‌కి దాంట్లో కజ్జికాయలు పోసి ఎదురింటి ఖాజాబీకి పంపాను. కజ్జికాయలు అరిగిపోయి ఏడాదైంది, డబ్బా మాత్రం తిరిగి రాలేదు. ప్లాస్టిక్‌ది కొంటున్నాను.


గుంటూరు
17 జనవరి 2024

గౌరవనీయులైన జయకుమారి గారికి,

మీ ఉత్తరం అందింది. జక్రయ్య గారిని నేను ముఖాముఖి చూడలేదు. ఉత్తర ప్రత్యుత్తరాల్లోనే పరిచయం. ఆయన ఇచ్చే కొలతల్లో ఏనాడూ జానెడు తేడా లేదు. సర్వే శాఖలో ముప్పై ఏళ్ళు పటాలు గీసినవాడిగా చెబుతున్నాను, అది చిన్న సంగతి కాదు.

అయితే మీ దరఖాస్తు తిరస్కరించక తప్పడం లేదు. రెండు డబ్బాల మధ్య కనీసం నూట అరవై ఒక్క మీటర్ల దూరం ఉండాలని నియమం. ఒకటి వెతికేవాళ్ళకు ఇంకొకటి దొరికి గందరగోళం కాకూడదని పెట్టారు. మీరు అడిగిన చోటుకు ఆ దూరం లోపల ఇప్పటికే ఒక డబ్బా ఉంది.

అది ఎక్కడుందో నేను చెప్పకూడదు. అది చిక్కుప్రశ్నల రకం. ప్రశ్నలు విప్పినవాళ్ళకే చోటు తెలుస్తుంది. దాచినవాళ్ళకూ పరిశీలకుడినైన నాకూ తప్ప మూడోవారికి చెప్పే అధికారం నాకు లేదు.

దయచేసి వేరే చోటు చూడండి. మిగతా నియమాలు కూడా గమనించగలరు. డబ్బాను మట్టిలో పాతిపెట్టకూడదు. స్థలం సొంతదారు అనుమతి ఉండాలి. లోపల తినే వస్తువులు పెట్టకూడదు, చీమలు పడతాయి.

భవదీయుడు,
శ్యామ్ సుందర్

తా.క. మా ఆవిడ హెలెన్ మీ ఉత్తరం నాకంటే ముందే చదివేసింది. మీ పక్షమే. రెండు రోజులుగా మా ఇంట్లో చారులో ఉప్పు ఉండట్లేదు.


మెరకపాడు
24 జనవరి 2024

శ్యామ్ సుందర్ గారికి,

మీ నియమాలు అందాయి. మీ ఆవిడకు నా వందనాలు, మీకు ఈసారి లేవు.

నూట అరవై ఒక్క మీటర్లంటే ఇరవై తొమ్మిది చీరలు, పైన రెండు జాకెట్టు ముక్కలు. చర్చి గోడ నుంచి అంత దూరంలో ఊరు సగం వస్తుంది. మా ఊరు ఉన్నదే పిడికెడు. ఇందులో ఆయన తప్ప ఇంకొకరు డబ్బా దాచారంటే నేను నమ్మను. పత్తికి పురుగు పట్టి, ఎండేసిన మిరపకాయలు మొన్నటి వానకు తాలుకాయలై, ఇక్కడ ఎవరికీ ముఖంలో నెత్తురు లేదు. డబ్బాలు దాచుకునే సంబరం ఎవరికుంటుంది?

కూర్చుని ఆలోచిస్తే ఒకే మనిషి తట్టింది. ఖాజాబీ. తిరిగివ్వాల్సిన డబ్బా తిరిగివ్వని మనిషి, నాకు అడ్డం రావడానికి కొత్త డబ్బా పెట్టిందంటే ఆశ్చర్యమేముంది? అప్పట్లో నా డబ్బా ఏదమ్మా అని వీధిలో నిలబెట్టి అడిగాను. నలుగురూ వింటుండగా దొంగ అన్నాను. తలవంచుకుని లోపలికి పోయిందే గాని లేదని గాని ఉందని గాని ఒక్క మాట అనలేదు. ఆయనేమో "పోనీలే కుమారీ, కొత్తది కొందాం" అన్నాడు. ఆయనకు అన్నిటికీ పోనీలే. ఆయన పోయిన రోజు ఆవిడ ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చింది. నేను తాగలేదు. అప్పటినుంచి పాల కేంద్రానికి వెళ్ళేటప్పుడు కూడా వాళ్ళ ఇంటివైపు ముఖం తిప్పను.

కొత్త చోటు బుడే మిరప కళ్ళం. మా రెండెకరాలు కౌలుకు చేసేది అతనే కాబట్టి అనుమతికి ఇబ్బంది లేదు. కాగితం జతపరిచాను. పాసు చేయండి. లేదంటే ఆ డబ్బా ఎవరిదో చెప్పండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు కూడా పెట్టాను.

ఇట్లు,
నియమాలు పిల్లలకు ముప్పై రెండేళ్ళు నేర్పిన
కె. జయకుమారి

తా.క. ఆ ప్రశ్నలేవో విప్పమని మళ్ళీ రాయకండి. పోయిన జనవరిలో నా పుట్టినరోజుకు ఆయన్ను చీర అడిగితే ఇలాగే ఏవో ప్రశ్నలు రాసిన కాగితం చేతిలో పెట్టాడు. ఒళ్ళు మండి ఆవకాయ జాడీ కింద వేశాను. ప్రశ్నలు అడిగి అడిగి రిటైరయ్యాను, ఇంక జవాబులు రాసే ఓపిక లేదు.


గుంటూరు
1 ఫిబ్రవరి 2024

జయకుమారి గారికి,

కళ్ళం కూడా కుదరదు. అదే డబ్బాకు అదీ దూరం లోపలే ఉంది.

మాది ప్రభుత్వ ఆఫీసు కాదు. జీతం లేకుండా ఇంట్లో భోజనాల బల్ల మీద చేసే పని. సమాచార హక్కు మా బల్ల దాకా రాదు. పోస్టల్ ఆర్డరు తిప్పి పంపుతున్నాను.

ఎదురింటావిడ గురించి మీరు రాసినదానికి నేను అవుననీ అనలేను, కాదనీ అనలేను. ఏమన్నా అది చోటు చెప్పినట్టే అవుతుంది. ఒక్క మాట మాత్రం రాయగలను. తొందరపడకండి.

భవదీయుడు,
శ్యామ్ సుందర్

తా.క. మీ తాజా కలం హెలెన్ నాకు పైకి చదివి వినిపించింది. విని లేచి వెళ్ళి డాబా మీద నిలబడ్డాను. కారణం అడిగింది. చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో నాతో మాట్లాడేవారు లేరు.


మెరకపాడు
8 ఫిబ్రవరి 2024

డాబా ఎక్కిన శ్యామ్ సుందర్ గారికి,

రాత్రంతా మీ ఉత్తరం గురించే ఆలోచించాను. తెల్లారేసరికి ఒక సంగతి అర్థమైంది. మీరు చోటు చెప్పరు. కానీ నేనడిగిన ప్రతి చోటుకూ అవుననో కాదనో చెప్పక తప్పదు. అది కూడా మీ నియమమే.

మీరు కాదన్న చోటు చుట్టూ నూట అరవై ఒక్క మీటర్ల వృత్తం గీస్తే డబ్బా దాని లోపల ఉంటుంది. అవునన్న చోటు చుట్టూ గీస్తే దానికి బయట ఉంటుంది. కొన్ని వృత్తాలు పడితే చాలు, మిగిలేది బొటనవేలంత జాగా. దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు నేను పచ్చడి మెతుకులంత తేలిగ్గా చెప్పేదాన్ని. పంచాయతీ ఆఫీసులో ఊరి పటం నకలు తీసుకున్నాను. బడి నాటి వృత్తలేఖినికి నూనె రాసి పెట్టుకున్నాను.

కాబట్టి ఒకే ఉత్తరంలో ఏడు దరఖాస్తులు. చర్చి వెనక గేటు, నీళ్ళ ట్యాంకు, పాల కేంద్రం అరుగు, రేషన్ షాపు, బస్టాపు, పత్తి కొనే షెడ్డు, శ్మశానం. అన్నిటికీ అనుమతులు తెచ్చాను. పాల కేంద్రం హుస్సేన్ సాహెబ్ సంతకం పెడుతూ "ఏం దాస్తారు టీచరమ్మా?" అని అడిగాడు. "నా పరువు" అన్నాను.

నవ్వించాలని కాదు గాని నవ్వుతూనే రాస్తున్నాను. మొన్నటిదాకా పొద్దున్నే లేచి చేసే పని ఉండేది కాదు. ఒక కప్పు కాఫీ పెట్టి, రెండో కప్పు పెట్టబోయి ఆగిపోవడమే పని. ఇప్పుడు పటం ముందు కూర్చుంటే కాఫీ చల్లారిపోతోంది. ఆయన ఎండలో పడి ఎందుకు తిరిగాడో కొంచెం తెలుస్తోంది. బతికుండగా తెలిస్తే ఆయనతో వెళ్ళి ఉండేదాన్ని. ఇప్పుడు తెలిసి ఏం లాభం.

ఇట్లు,
కె. జయకుమారి

తా.క. మీ ఆవిడతో మాట్లాడండి. మౌనం మంచిది కాదు. తర్వాత చాలా ఉంటుంది.


గుంటూరు
16 ఫిబ్రవరి 2024

జయకుమారి గారికి,

నా పదకొండేళ్ళ పరిశీలనలో ఇలాంటి దరఖాస్తు రాలేదు. నిజంగా పెట్టదలచిన చోట్లనే అడగాలని ఇకమీదట నియమం రాయమని పైవాళ్ళకు చెప్పబోతున్నాను. అప్పటిదాకా నియమం లేదు కాబట్టి జవాబివ్వాలి.

చర్చి వెనక గేటు కుదరదు. నీళ్ళ ట్యాంకు కుదరదు. పాల కేంద్రం కుదరదు. రేషన్ షాపు, బస్టాపు, పత్తి షెడ్డు, మూడూ ఖాళీయే, పెట్టుకోవచ్చు. శ్మశానం కూడా ఖాళీయే. జక్రయ్య గారి పేరు మీద పెట్టేది కాబట్టి అక్కడ సముచితంగా ఉంటుందని నా అభిప్రాయం. మీరు ఊ అంటే ఈ రోజే పాసు చేస్తాను.

ఒక హెచ్చరిక. ఆ పాత డబ్బాను కనిపెట్టి తీసిపారేసి చోటు ఖాళీ చేసుకుందామని మీ ఆలోచన అయితే, దయచేసి వద్దు. దాని పుస్తకంలో ఇంతవరకు ఒక్క సంతకం కూడా పడలేదు. దాచినవారు ఆ మొదటి గీత ఎవరికోసమో ఖాళీగా ఉంచారు.

భవదీయుడు,
శ్యామ్ సుందర్

తా.క. మాట్లాడాను. ఉప్పు తిరిగొచ్చింది.


మెరకపాడు
22 ఫిబ్రవరి 2024

శ్యామ్ సుందర్ గారికి,

శ్మశానంలో పెట్టను. అక్కడ ఆయన ఎటూ వెళ్ళలేడు. ఆయన ఆడింది కాళ్ళు ఉన్నప్పుడు.

వృత్తాలన్నీ గీశాను. మిగిలిన జాగాలో రెండే రెండు ఇళ్ళున్నాయి. ఒకటి మాది, ఒకటి ఖాజాబీది.

ముందు మాది చూశాను. అటక, బావి పళ్ళెం, బట్టల పెట్టె. పెరట్లో మునగచెట్టు చుట్టూ బుడే చేత మోకాలి లోతు తవ్వించాను. పాతిపెట్టకూడదని మీరు రాశారు గాని, నియమాలు తెలియనివాళ్ళు కూడా ఉంటారు. ఆయన ఎప్పుడో పారేసిన పింగాణీ కరెంటు బుడిపె ఒకటి దొరికింది. దాన్ని కడిగి కిటికీలో పెట్టి కాసేపు ఏడ్చాను. చెట్టు వాలిపోయింది.

ఇంక ఖాజాబీ ఇల్లే. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే. నా డబ్బా తీసుకుంది, ఇప్పుడు ఆయన పేరున పెట్టే డబ్బాకు చోటు కూడా తీసుకుంది. సోమవారం పెద్దమనుషులను పిలిచి వాళ్ళ ఇల్లు సోదా చేయిస్తాను. ఒప్పుకోకపోతే స్టేషన్‌కు వెళ్తాను. పటం సాక్ష్యం చూపిస్తాను. లెక్క తప్పు లేదు.

ఇట్లు,
కె. జయకుమారి

తా.క. మునక్కాయల పులుసు ఆయనకు ఇష్టం. ఇప్పుడు చెట్టు కూడా లేదు.


గుంటూరు
24 ఫిబ్రవరి 2024
స్పీడ్ పోస్ట్

జయకుమారి గారికి,

ఉత్తరం అందిన వెంటనే రాస్తున్నాను. ఫోను చేద్దామని మూడుసార్లు నంబరు నొక్కి ఆపేశాను. చేస్తే చెప్పేస్తాను.

మీ లెక్క గురించి నేనేమీ అనకూడదు. పెద్దమనుషులను మాత్రం పిలవకండి. స్టేషన్ మాట అసలు వద్దు. పటం పట్టుకుని మీరు ఒక్కరే వెళ్ళండి.

నేను నియమం దాటని మనిషిని. సర్వే శాఖలో సొంత బావమరిది గట్టు కూడా ఉన్నచోటే గీశాను, ఇప్పటికీ మా ఇంటికి రాడు. ఈ నెలన్నరలో మీకు కాదు, కాదు అని రాసిన ప్రతిసారీ నాకు ఆ గట్టే గుర్తొచ్చింది. హెలెన్‌కు ఇంకా సంగతి చెప్పలేదు. బాధగా ఉందండీ.

శ్యామ్ సుందర్

తా.క. ఇది నియమానికి విరుద్ధమో కాదో పుస్తకమంతా వెతికినా దొరకలేదు. కాబట్టి అడుగుతున్నాను. మీ ఆవకాయ జాడీ కింది కాగితాన్ని నూనె పూర్తిగా తినేసిందా?


మెరకపాడు
10 మార్చి 2024

తమ్ముడు శ్యామ్ సుందర్‌కు, మరదలు హెలెన్‌కు,

అక్క జయకుమారి దీవెనలు. వరస నేనే కలిపాను. అభ్యంతరం ఉంటే దరఖాస్తు పెట్టుకోండి.

మీ ఉత్తరం చదివి జాడీ ఎత్తాను. కాగితం గాజులా అయిపోయింది. ప్రశ్నలన్నీ అలుక్కుపోయాయి. పై రెండు వరసలే మిగిలాయి. ఆయన రాతే. "మొత్తం ఏడు ప్రశ్నలు. జవాబులన్నీ నీ దగ్గరే ఉన్నాయి, ఇంకెవరి దగ్గరా లేవు."

ఊళ్ళో డబ్బా దాచేవాడు ఆయన తప్ప ఇంకెవరూ లేరని నేనే రాశాను. రాసిన మాట నేనే చదువుకోలేదు.

పటం చంకలో పెట్టుకుని వీధి దాటాను. పన్నెండు అడుగులు. అవి దాటడానికి నాకు ఏడాది పైన పట్టింది. ఖాజాబీ వాకిట్లో మిరపకాయల తొడిమెలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏందే కుమారీ, ఇన్నాళ్ళకి దోవ కనపడిందా?" అంది.

"డబ్బా కోసం వచ్చాను" అన్నాను.

"మరి దాని కోసమేగా నువ్వు ఎతుకుతుంది. గోడ బయట కోళ్ళ గూట్లో చూడు. ఇటిక తియ్యి."

ఆ పాత కోళ్ళ గూడు వీధివైపు గోడలోనే ఉంది. రోజూ రెండుపూటలా పాల కేంద్రానికి దాని పక్కనుంచే నడిచాను, ముఖం అటు తిప్పుకుని. ఇటుక తీశాను. నా స్టీలు డబ్బా. మూత మీద నా పేరు.

నా డబ్బా ఖాజాబీ దగ్గరే ఉందని నేను ఊరంతా అరిచింది నిజమే తమ్ముడూ. ఒక్క అక్షరం కూడా తప్పనలేదు. అంతకంటే సిగ్గు ఇంకేముంటుంది?

ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

"చెప్పనని మీ ఆయనకి మాటిచ్చా. డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని అరిసెలు చేద్దామనుకుంటుంటే ఆయనే వచ్చి, 'అది నీ దగ్గరే ఉండనియ్యి ఖాజాబీ, దీంట్లో కుమారికి ఆట పెడతా, ఎట్టాగూ లెక్కల టీచరు, పది రోజుల్లో కనిపెడుద్ది' అన్నాడు. అనుమతని కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాడు. పది రోజులేగా తిట్టించుకుందామనుకున్నా."

"ఆయన పోయాకైనా చెప్పొచ్చుగా!"

"బతికున్నోడికిచ్చిన మాటైతే, ఇంక నా వల్ల కాదయ్యా అని ఆయన్నే అడిగి తప్పేదాన్ని. పోయినోణ్ణి ఎట్టా అడగను?"

నేను వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. ఖాజాబీ మిరపకాయల చేతులతోనే నా కళ్ళు తుడవబోయింది. వద్దే వద్దే అని అరిచాను. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం. ఆ తర్వాత టీ ఇచ్చింది, తాగాను.

డబ్బాలో చిన్న పుస్తకం, పెన్సిల్ ముక్క ఉన్నాయి. మొదటి పేజీ పైన ఆయన రాసింది మీకు రాస్తున్నాను. మీరూ ఇన్నాళ్ళు మోశారు కాబట్టి. "కుమారీ, దొరికిందిగా. ఇంక ఖాజాబీని తిట్టడం ఆపి ఇంటికి రా. అన్నం పెట్టు, ఆకలవుతోంది."

కింద గీత ఖాళీగా ఉంది. సంతకం పెట్టాను. తేదీ కూడా వేయాలట. వేశాను.

నిన్న కూడిక జరిగింది. మీ ఆటవాళ్ళు పదకొండు మందీ వచ్చారు. కోళ్ళ గూడు ముందు వరసలో నిలబడి ఒక్కొక్కరే సంతకం పెట్టారు. నేనూ ఖాజాబీ కలిసి వండాం. అందరూ కడుపునిండా తిన్నారు. ఆకలవుతోందన్న మనిషికి మాత్రం పెట్టలేకపోయాను.

నా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఆ చోట డబ్బా ఇప్పటికే ఉంది.

ఇట్లు,
అక్క,
జయకుమారి

తా.క. డబ్బాను మళ్ళీ గూట్లో పెట్టేటప్పుడు ఖాజాబీ ఆపింది. అసలు ఇది తను నాకు తిరిగివ్వాల్సిన డబ్బా కదా, ఖాళీగా ఎలా ఇస్తానని లోపల గుప్పెడు చక్కెర పోసింది. తినే వస్తువులు పెట్టకూడదని మీ నియమం. చెప్పాను, వినలేదు. ఇవాళ పొద్దున చూస్తే గోడ పొడుగునా చీమలు. చర్య తీసుకునేట్టయితే మీరిద్దరూ భోజనానికి వచ్చి తీసుకోండి.